వరుసలో పదిహేడో మనిషి

కోడియాక్ దీవిలో మార్చి నెలంటే
మంచుకి చావు రాదు, వానకి సిగ్గుండదు.
రెండూ కలిసే కురుస్తున్న ఆ ఆదివారం సాయంత్రం
చర్చి మెట్ల మీద ఉప్పు చల్లుతూ అకులీనా
నా చెవిలో ఊదింది:
"మీ జఖార్ వచ్చాడు. పొద్దుటి విమానంలో.
ఒక్కటే సంచీ. టోపీ కూడా లేదు."

పదకొండేళ్లు.
నేను ముందు టోపీ గురించే ఆలోచించాను, చూడండి,
ఈ చలిలో బోడితలతో ఎలా దిగాడా అని.
తర్వాతే కోపం గుర్తొచ్చింది.
చేతితొడుగులు మరిచిపోయి
వెనక్కెళ్లి తెచ్చుకున్నట్టు
వెళ్లి తెచ్చుకున్నాను దాన్ని.

మా నాన్న సాల్మన్ పర్మిట్
అరచేయంత కాగితం.
అది ఉంటే సముద్రం మనది,
లేకపోతే కిటికీలోంచి చూసుకునే బొమ్మ.
నాన్న పోయి ఏడాది తిరక్కుండానే
తమ్ముడు దాన్ని సియాటెల్ మనిషికి అమ్మేశాడు.
పేకాటకి కొంత, తాగుడికి కొంత,
మిగిలిందేమైందో వాడికే తెలీదు.
నా కొడుకు పావెల్ ఇప్పుడు క్యానరీలో
ఎవరి చేపలకో తలలు కోస్తాడు, గంటకింతని.
నాన్న పడవ ఒడ్డున బోర్లా పడి ఉంది.
దాని కింద నక్క పిల్లల్ని పెట్టింది.

"తోడబుట్టినవాడు, కడుపులో పెట్టుకోవే" అన్నారందరూ.
పెట్టుకున్నాను.
అరగలేదు.
రోజూ రాత్రి ప్రార్థనలో
అప్పులవాళ్ల ఊసు వచ్చే చోట
గొంతు తగ్గించేదాన్ని,
పైవాడికి వినపడదనుకున్నానేమో.

పెద్ద ఉపవాసం ముందు సాయంత్రం
మా చర్చిలో తప్పించుకునే దారుండదు.
ఫాదర్ మకారీ ముందు తానే వంగుతాడు, నేలకి చెయ్యి తాకేలా,
నన్ను క్షమించు అంటాడు.
దేవుడు క్షమిస్తాడు అని చెప్పి, మనమూ వంగి, మనమూ అడిగి
ఆయన పక్కన నిలబడాలి.
తర్వాతి మనిషి ఇద్దరి దగ్గరా వంగాలి,
ఆ తర్వాతి మనిషి ముగ్గురి దగ్గరా.
ప్రతి ముఖమూ ప్రతి ముఖానికీ ఎదురుపడి తీరాలి.
ఆ సాయంత్రం ఫాదర్‌తో కలిపి పదిహేడుమందిమి.
వాడు చివర, పొయ్యి పక్కన, గోడకి ఆనుకుని.

బుడ్డాడు ప్రోకోపీ వంగి
"నీ కోడిగుడ్లు రెండు తీశాను" అన్నాడు.
"మూడు" అన్నాను.
"దేవుడు క్షమిస్తాడు."
ఎంత సుఖమైన మాట!
బరువంతా ఆయన నెత్తిన పెట్టి
చేతులు దులుపుకోవచ్చు.
జఖార్‌కీ అదే చెబుదామనుకున్నాను,
వాడి చెవుల పైనుంచి కిటికీకేసి చూస్తూ.
పద్నాలుగు. పదిహేను. పదహారు.

వాడు వంగలేదు, కూలబడ్డాడు.
మోకాలు కర్రలా పగిలిన చప్పుడు.
నేలమీద ఆనిన ఎడమచేతికి
రెండు వేళ్లు లేవు.
ఏ పడవ మీద, ఏ తాడు చుట్టుకుని పోయాయో
నాకెవరూ చెప్పలేదు, నేనడగలేదు.
"అక్కా" అన్నాడు. "నన్ను..."
అక్కడే ఆగిపోయింది గొంతు.

నా సగం మాట నా దగ్గర సిద్ధంగా ఉంది,
వాడి సగం రాలేదు.
కొవ్వొత్తులు చిటపటలాడాయి.
అప్పుడు గుర్తొచ్చింది, అడగాల్సిన వంతు నాకూ ఉందని.
అమ్మ పోయినప్పుడు
వాడికి నేను కబురు పంపలేదు.
అడ్రసు తెలుసు.
సొరుగులో కవరు కూడా ఉంది, స్టాంపు అంటించి.

వంగాను.
"అమ్మ సంగతి... నన్ను క్షమించరా."
"దేవుడు క్షమిస్తాడు" అన్నాడు వాడు.
కాస్త ఊపిరి తీసుకుని,
"నేనూ."

ఆ "నేనూ" నా నోట రాలేదు.
చర్చిలో అబద్ధమాడలేను.
మోచేతి కింద చెయ్యి వేసి
లేపానంతే.
బరువు తగ్గాడు.

ఆ రాత్రి చేపకి ఆఖరి రాత్రి,
రేపటినుంచి ముట్టం.
పొగబెట్టిన సాల్మన్ సీసా ఒకటుంది,
పొరుగువాళ్లిచ్చింది.
ఇంటి తలుపు తేమకి ఉబ్బి ఎప్పటిలాగే బిగుసుకుంది.
నేను చెప్పేలోపే
బూటు మొనతో కింద కాస్త ఎత్తి
భుజంతో నెట్టాడు,
నాన్న నెట్టినట్టే.

"ఇంకా బాగుచేయించలేదా?"
"లేదు" అన్నాను.
"కూర్చో. ముళ్లుంటాయి, చూసుకుని తిను."